అరువుకిచ్చిన కుక్కలు

మన భారతకథ ఒక కుక్కతో మొదలై, ఇంచుమించు మరొక కుక్కతోనే ముగుస్తుంది. నన్నయగారి ఆదిపర్వం ప్రథమాశ్వాసంలో జనమేజయుని యాగశాల దగ్గరికి వచ్చిన సారమేయుణ్ణి రాజుగారి తమ్ములు కొట్టి తరుముతారు. తల్లి సరమ వచ్చి రాజును నిలదీస్తుంది. తప్పు చేయనివాణ్ణి బాధించినందుకు అనుకోని భయం వచ్చిపడుతుందని చెప్పి వెళ్ళిపోతుంది. మహాప్రస్థానిక పర్వానికి వచ్చేసరికి ధర్మరాజు వెంట బయలుదేరిన వారందరూ ఒక్కొక్కరే పడిపోగా చివరికి మిగిలింది కుక్క ఒక్కటే. ఇంద్రుడు రథమెక్కమంటే, నమ్మి వెంట వచ్చినదాన్ని విడిచి రానంటాడు ధర్మరాజు.

ఈ రెండు కథల నడుమ బ్రతికే మన సామెతలు మాత్రం కుక్కపట్ల అంత ఉదారంగా లేవు. కుక్కతోక వంకర అన్నాం. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎవరు దిద్దినా మారదని చెప్పడానికి మనకు వేరే జంతువు దొరకలేదు కాబోలు. ఈ మాట నిజమేనా అన్న ప్రశ్నకు జవాబు వెతుక్కోవలసిన అవసరం ఈనాడు చాలా ఇళ్ళలో వస్తోంది. వీధిలో దెబ్బ తిన్న కుక్కనో, యజమాని వదిలేసి పోయిన కుక్కనో కొన్ని వారాలపాటు తెచ్చి సాకి, శాశ్వతమైన ఇల్లు దొరికాక అప్పగించేవారు మన పట్టణాలలో కూడా పెరిగారు. కొంతకాలం ఒకరి పంచన ఉన్న ప్రాణి మరొక గడప తొక్కినప్పుడు అక్కడ కుదురుకుంటుందా? కుదురుకోవాలంటే ఎవరు ఏం చేయాలి?

ఈ ప్రశ్నను వేల కుక్కల మీద ఒక్కసారిగా పరీక్షించి చూసిన సందర్భం చరిత్రలో ఒకటి ఉంది. రెండవ ప్రపంచయుద్ధంలో ఇళ్ళనుండి కుక్కలను అరువుకు తీసుకున్నారు. యుద్ధం అయిపోయాక తిరిగి ఇళ్ళకు పంపారు. యుద్ధచరిత్రలలో ఆ కుక్కల సాహసాల గురించి వ్రాసినంతగా వాటి తిరుగుప్రయాణం గురించి వ్రాయలేదు. ఈ టపాలో చెప్పదలచుకున్నది ఆ తిరుగుప్రయాణం గురించే.

1939 సెప్టెంబరు

అరువు సంగతికి ముందు, అరువుకైనా ఇల్లు దొరకని కుక్కల సంగతి చెప్పుకోవాలి.

1939 సెప్టెంబరు 3న బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. విమానాలు వచ్చి నగరాలమీద బాంబులు కురిపిస్తాయని అందరూ ఎదురుచూస్తున్నారు. పిల్లలను రైళ్ళెక్కించి పల్లెలకు పంపుతున్నారు. వైమానిక దాడుల వేళ జంతువులను ఏం చేయాలో చెప్పడానికి ఏర్పడిన ఒక సంఘం ప్రజలకు సలహాపత్రం ఒకటి పంచింది. వీలైతే పెంపుడు జంతువులను ముందుగానే పల్లెలకు పంపండి. ఎవరికీ అప్పగించలేకపోతే వాటిని నొప్పి తెలియకుండా చంపించడమే దయ అన్నది ఆ సలహా సారాంశం. చంపి తీరాలని ప్రభుత్వం ఆజ్ఞాపించలేదు. అయినా పశువైద్యశాలల ముందు జనం కుక్కలతో, పిల్లులతో వరుసలు కట్టారు. ఒక్క లండను నగరంలోనే తొలివారంలో నాలుగు లక్షల జంతువులు ఇలా పోయాయని 2017లో ఈ విషయంపై గ్రంథం వెలువరించిన చరిత్రకారిణి హిల్డా కీన్ లెక్క చెబుతారు. దేశం మొత్తానికి ఏడున్నర లక్షలన్న అంచనా కూడా తరచు వినిపిస్తుంది.

ఆ వారంలో లండను మీద బాంబులేవీ పడలేదు. పెద్దదాడులు మొదలయ్యింది మరుసటి ఏడాది సెప్టెంబరులో. జరగబోయేదానికి భయపడి తమ చేతులతో తామే చేసుకున్న నష్టం అది. ఆ రోజులలోనే హామిల్టన్ డచెస్ నీనా వంటివారు తమ ఎస్టేట్లలో జంతువులకు ఆశ్రయమిచ్చారు. విల్ట్‌షైర్‌లోని ఆమె ఫెర్న్ ఎస్టేటుకు లండను నుండి కుక్కలు, పిల్లులు చేరాయి. కాని అటువంటి చోట్లు వచ్చినవాటికన్నా చాలా తక్కువ.

గమనించవలసిన విషయం ఒకటుంది. సలహాపత్రంలో రెండు మార్గాలున్నాయి. మొదటిది మరొకరి ఇంట ఉంచడం, రెండవది చంపించడం. మొదటిదానికి ఏర్పాటు లేదు, రెండవదానికి ఉంది. ఎవరి ఇంటికి పంపాలి, ఎవరు తీసుకువెళతారు, తిండి ఎవరు పెడతారు, తిరిగి ఎప్పుడు తెచ్చుకోవాలి అన్నవాటికి సిద్ధమైన జవాబు ఉండి ఉంటే ఆ వరుసలలో కొన్నైనా తగ్గేవి. తాత్కాలిక ఆశ్రయమనేది కేవలం దయకు సంబంధించిన విషయం కాదు, ఏర్పాటుకు సంబంధించిన విషయం.

యుద్ధానికి అరువు

మిగిలిన కుక్కలకు తిండి కూడా కష్టమయింది. ఆహారం రేషను మీద దొరికే ఆ రోజులలో కుక్కకంటూ వాటా లేదు. మనుషులు తినదగిన ఆహారాన్ని వృథా చేయడం 1940 నుండి నేరం. ఈ స్థితిలో సైన్యం, యుద్ధం ముగిసేవరకు మీ కుక్కలను మాకు అరువుకివ్వండని ప్రజలను అడిగింది. పోషించలేక, చంపించలేక సతమతమవుతున్న కుటుంబాలకు అదొక దారి. కావలి కాయడానికి, మందుపాతరలు పసికట్టడానికి, వార్తలు మోయడానికి వాటికి శిక్షణ ఇచ్చారు.

అమెరికాలో ఇది ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. 1941 డిసెంబరులో పెరల్ హార్బర్ మీద దాడి జరిగినప్పుడు అమెరికా సైన్యం దగ్గర మంచుబండ్లు లాగే కొద్ది కుక్కలు తప్ప చెప్పుకోదగినవి లేవు. పూడిల్ జాతి కుక్కలను పెంచడంలో పేరుపొందిన ఆర్లీన్ ఎర్లాంగర్ అనే మహిళ మరికొందరితో కలిసి 1942 జనవరిలో 'డాగ్స్ ఫర్ డిఫెన్స్' అనే సంస్థను నెలకొల్పింది. ప్రజల నుండి కుక్కలను సేకరించి సైన్యానికి అప్పగించడం దాని పని. 1942 మార్చి 13న సైన్యం ఈ ఏర్పాటును అధికారికంగా అంగీకరించింది. వర్జీనియాలోని ఫ్రంట్ రాయల్‌లో తొలి శిక్షణకేంద్రం వెలిసింది. నెబ్రాస్కాలోని ఫోర్ట్ రాబిన్సన్ తదితర చోట్ల మరికొన్ని వచ్చాయి.

యుద్ధం ముగిసేలోగా సుమారు 19,000 కుక్కలు ఈ దారిన వచ్చాయి. వాటిలో నూటికి నలభై అయిదు దాకా పనికిరావని తిప్పి పంపారు. కొన్ని తగినంత ఎత్తు లేవు, కొన్నింటికి జబ్బులు, కొన్ని తుపాకి చప్పుడుకు బెదిరిపోయాయి. చివరికి శిక్షణ పొందినవి 10,425 అని సైన్యపు లెక్క. అందులో అత్యధికభాగం, తొమ్మిదివేలకు పైచిలుకు, కావలికుక్కలే. పోలేని కుక్కల యజమానులకు కూడా పాలుపంచుకున్న తృప్తి కలగాలని ఒక నిధి పెట్టారు: ఒక్క డాలరు ఇస్తే మీ కుక్కకు సిపాయి హోదా, ఎక్కువిస్తే పై హోదాలు. అధ్యక్షుడు రూజ్వెల్టు కుక్క ఫాలా కూడా ఇలా డాలరిచ్చి సిపాయి అయినదే.

ఈ మొత్తం వ్యవహారానికి పునాది ఒక మాట. ఇది అరువు, యుద్ధం అయ్యాక మీ కుక్క మీకు వస్తుంది. ఎప్పుడో నెరవేర్చవలసిన ఆ మాటే తరువాత కథనంతా నడిపించింది.

నేర్పినదాన్ని మరపించడం

కావలికుక్కను తయారుచేసే పద్ధతి ఎటువంటిదో తెలిస్తే, దాన్ని తిరిగి ఇంటికి పంపడం ఎంత కష్టమో అర్థమవుతుంది. కుక్కకు ఒకే ఒక సైనికుణ్ణి అప్పగిస్తారు. తిండి పెట్టేది అతడే, నిమిరేది అతడే, తిప్పేది అతడే. మిగతావారెవ్వరూ దాన్ని ముట్టుకోరాదు, ముద్దుచేయరాదు. పైగా కొత్తవారు ఎదుటపడి దాన్ని రెచ్చగొడతారు. కుక్క మీదికి దూకగానే భయపడి పారిపోయినట్లు నటిస్తారు. ఎనిమిది నుండి పన్నెండు వారాలు గడిచేసరికి ఆ కుక్క మనసులో లోకం రెండుగా విడిపోతుంది. ఒకవైపు తన మనిషి ఒక్కడు, మరొకవైపు శత్రువులందరూ.

ఇటువంటి కుక్కను పిల్లలు తిరిగే ఇంటికి, పాలవాడు, తపాలా బంట్రోతు వచ్చిపోయే వీధికి ఎలా పంపాలి? సైన్యం దీనికి ఒక క్రమం ఏర్పరచుకుంది. శిక్షణ ఎలా జరిగిందో సరిగ్గా దానికి తలక్రిందులుగా ఈ పని జరిగింది. మొట్టమొదట ఆ ఒకే మనిషి అన్న నియమాన్ని తొలగించారు. ఒకరి తరువాత ఒకరుగా అనేకులు కుక్కను పట్టుకుని నడిపారు, తిండి పెట్టారు, నిమిరారు. ప్రతి మనిషీ మిత్రుడే అన్న నమ్మకం దానికి కలగాలి. తరువాత జనసమ్మర్దంలోకి తీసుకువెళ్ళారు. ఇక చివరిది పరీక్ష: దాని చుట్టూ సైకిలు తొక్కడం, హఠాత్తుగా పెద్దచప్పుడు చేయడం, ఎవరైనా కేకవేస్తూ పరుగెత్తుకు రావడం. వీటన్నింటికీ కుక్క మీదపడకుండా నిలబడగలిగితే అది ఇంటికి వెళ్ళవచ్చు. పశువైద్యుడి పరీక్ష కూడా అయ్యాక, మీ కుక్కను మీరు తిరిగి తీసుకుంటారా అని యజమానిని అడిగేవారు. తీసుకుంటామంటే ప్రభుత్వ ఖర్చుతోనే రైలులో పంపేవారు. వద్దంటే వేరేవారికి అమ్మేవారు. అడిగినవారు ఉన్న కుక్కలకన్నా చాలా ఎక్కువమంది!

మెరైన్ దళం అనుభవం ఈ విషయంలో అన్నింటికన్నా విలువైనది. పసిఫిక్ సముద్రంలోని గువామ్ దీవిలో 1944 జూలైలో జరిగిన పోరాటంలో డాబర్‌మన్ జాతి కుక్కలు ఎక్కువగా ముందునడిచాయి. అక్కడ ప్రాణాలు కోల్పోయిన 25 కుక్కలకు ఆ దీవిలోనే సమాధులున్నాయి. వాటితో ఉన్న దళానికి నాయకత్వం వహించిన విలియం పట్నీ వృత్తిరీత్యా పశువైద్యుడు. యుద్ధం ముగిశాక మెరైన్ కుక్కలు నార్త్ కరోలినాలోని క్యాంప్ లెజూన్‌కు చేరాయి. ఇవి క్రూరమైనవి, ఇళ్ళకు పంపడం ప్రమాదం, చంపడమే మేలు అన్న వాదన పైవారిలో వినవచ్చింది. పట్నీ దాన్ని ఎదిరించాడు. వీటికి నేర్పినది మనం, మరపించడం కూడా మన బాధ్యతే అన్నది ఆయన పక్షం. చివరికి తిరుగుశిక్షణకు అనుమతి దొరికింది.

ఫలితం ఏమిటి? యుద్ధం నుండి తిరిగివచ్చిన 549 కుక్కలలో ఇంటికి పంపడానికి వీలుకానివిగా తేలినవి నాలుగే నాలుగు. మిగతావన్నీ ఇళ్ళు చేరాయి. పాత యజమానులు వద్దన్న చోట, వాటిని నడిపిన సైనికులే అనేకులు తమ ఇళ్ళకు తీసుకుపోయారు.

549కి నాలుగు! కుక్కతోక వంకర అన్న మన సామెతను ఈ లెక్క ప్రక్కన పెట్టి చూడండి. చంపడం మాత్రమే నేర్చిన ప్రాణులని పైవారు తీర్మానించిన కుక్కలివి. వంకర కుక్కతోకలో లేదు, దిద్దేవారి ఓపికలో ఉంది.

చిప్స్, ఖాన్

అంకెలు చెప్పినంతమాత్రాన అసలు సంగతి పూర్తికాదు. ఇద్దరి కథలు చెప్పుకుందాం. కుక్కలను 'ఇద్దరు' అన్నందుకు వ్యాకరణప్రియులు మన్నించాలి.

న్యూయార్కు రాష్ట్రంలోని ప్లెజెంట్‌విల్‌లో ఎడ్వర్డ్ రెన్ కుటుంబం పెంచిన కుక్క చిప్స్. జర్మన్ షెపర్డు, కోలీ, హస్కీల సంకరం. 1942లో ఆ కుటుంబం దాన్ని సైన్యానికిచ్చింది. 1943 జనవరిలో కాసాబ్లాంకాలో రూజ్వెల్టు, చర్చిల్ సమావేశమైనప్పుడు కావలి కాసినవాటిలో అదీ ఒకటి. అదే ఏడు జూలై 10న సిసిలీ తీరాన తన సైనికుడు జాన్ రోవెల్ చేతి త్రాడు విడిపించుకుని, మరతుపాకి పేలుతున్న స్థావరంలోకి దూకింది. అందులోని శత్రుసైనికులు చేతులెత్తి బయటికి వచ్చారు. తలమీద గాయంతో, తుపాకిమందు కాల్పులతో చిప్స్ బ్రతికి బయటపడింది. దానికి ప్రకటించిన పతకాలను, అవి మనుషులకు ఇచ్చేవన్న అభ్యంతరంతో తరువాత రద్దుచేశారు. 1945 డిసెంబరులో చిప్స్ ప్లెజెంట్‌విల్‌కు తిరిగివచ్చింది. ఎంతోకాలం బ్రతకలేదు; 1946లోనే మరణించింది. 2018 జనవరి 15న లండనులో దానికి మరణానంతరం డికిన్ పతకం ప్రకటించినప్పుడు ఆనాటి రెన్‌గారి అబ్బాయి జాన్ దాన్ని అందుకున్నాడు. కుక్క ఇల్లు చేరినప్పుడు ఆయన చిన్నపిల్లవాడు.

అరువుకిచ్చినవారికే అరువు తిరిగిరావడం చిప్స్ కథ. రెండవది అంత సూటియైనది కాదు.

ఇంగ్లండులోని సర్రే కౌంటీ టాల్వర్త్‌లో రెయిల్టన్ కుటుంబం తమ ఆల్సేషియన్ కుక్క ఖాన్‌ను 1942లో సైన్యానికి అరువిచ్చింది. దాన్ని కామెరోనియన్స్ దళానికి చెందిన లాన్స్ కార్పొరల్ జిమ్మీ మల్డూన్‌కు అప్పగించారు. 1944 నవంబరులో హాలండులోని వాల్చరెన్ దీవిమీద దాడికి పోతుండగా ఫిరంగిగుండ్ల వానలో వారి పడవ తిరగబడింది. మల్డూన్‌కు ఈత రాదు. ఒడ్డు చేరుకున్న ఖాన్ తన మనిషి కేక విని, చీకటిలో, బురదనీటిలో వెనక్కి ఈది, అతని కోటు కాలరు పట్టుకుని ఒడ్డుకు లాక్కువచ్చింది. 1945 మార్చిలో ఖాన్‌కు డికిన్ పతకం లభించింది.

యుద్ధం ముగిసింది. ఖాన్‌ను తనకిచ్చేయమని మల్డూన్ సైన్యాన్ని కోరాడు. కాని అది అరువు సొత్తు; ఇస్తామన్న మాట రెయిల్టన్ కుటుంబానికి ఇచ్చినది. ఆ ఇంట్లో దానికోసం ఎదురుచూస్తున్న పిల్లవాడున్నాడు. సైన్యం మాట నిలబెట్టుకుంది. ఖాన్ టాల్వర్త్‌కు తిరిగి వెళ్ళింది, మల్డూన్ స్కాట్లండుకు వెళ్ళిపోయాడు.

1947లో లండనులో పెద్దయెత్తున శునకప్రదర్శన జరిగింది. పతకాలు పొందిన కుక్కల కవాతులో ఖాన్‌ను నడిపించడానికి మల్డూన్‌ను పిలిపించమని రెయిల్టన్‌గారే కోరారు. వేలమంది జనం, వందల కుక్కలు చేరిన ఆ మైదానంలో ఖాన్ తన పాత మనిషిని పసికట్టి, కట్టు తెంచుకున్నంత పనిచేసి అతని దగ్గరికి పరుగెత్తింది. అది చూసిన రెయిల్టన్‌గారు కవాతు అయ్యాక త్రాడు తిరిగి తీసుకోలేదు. ఖాన్‌ను మల్డూన్‌కే ఇచ్చేశారు. అది ఆయన వెంట స్కాట్లండుకు వెళ్ళిపోయింది.

ఈ కథను కుక్క విశ్వాసానికి ఉదాహరణగా చెబుతుంటారు. నాకు మాత్రం ఇందులో గొప్పగా తోచేది రెయిల్టన్‌గారి మనసు. ఖాన్ వారి కుక్క. పతకం పొందిన కుక్కను ఇంట్లో ఉంచుకునే హక్కు వారికి నూటికి నూరుపాళ్ళూ ఉంది. అయినా, ఇల్లంటే కాగితంలో ఎవరి పేరున్నదో ఆ చోటు కాదని గ్రహించి వదులుకున్నారు. ఇంట్లోని పిల్లవాడికి అది కష్టమై ఉంటుందని వేరే చెప్పనక్కరలేదు. తాత్కాలికంగా సాకి అప్పగించేవారందరూ చేసే పని ఇదే. తమకు కాకుండా దానికి ఏది ఇల్లో చూడడం.

మాట పోయిన తరువాత

యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం అరువు పద్ధతి మానుకుంది. ఇకమీదట కుక్కలను కొనడం, కొన్న కుక్క ప్రభుత్వపు ఆస్తి కావడం నియమమయింది. పైకి ఇది చిన్న మార్పు, లెక్కల పుస్తకంలో ఒక పద్దు మారడం. దాని ఫలితం వియత్నాంలో కనిపించింది. ఆ యుద్ధంలో సుమారు నాలుగువేల కుక్కలు పనిచేశాయి. తిరిగి అమెరికా చేరినవి రెండువందలు దాటవని అంచనా. మిగిలినవాటిని మిగులు సామగ్రిగా లెక్కగట్టి కొన్నింటిని దక్షిణ వియత్నాం సైన్యానికి అప్పగించారు, ఎన్నింటినో చంపారు. వాటిని నడిపిన యువకులు ఆ బాధను దశాబ్దాలపాటు మోశారు. ఇరువది అయిదేళ్ళ ముందు 549 కుక్కలలో 545 ఇళ్ళు చేరిన దేశమిది. కుక్కలు మారలేదు, పశువైద్యం వెనుకబడలేదు. మారినదల్లా ఒక్కటే: ఆ కుక్క కోసం ఎదురుచూసే గడప లేకపోవడం. తిరిగి ఇవ్వవలసినవారు లేనప్పుడు తిరుగుశిక్షణ అనవసరమయింది. అనవసరమైనదాన్ని అసాధ్యమని పిలవడం తేలిక.

2000 నవంబరులో అమెరికా చట్టసభ చేసిన ఒక చట్టంతో, పని ముగిసిన సైనికకుక్కలను వాటిని నడిపినవారు గాని, తగిన ఇతరులు గాని దత్తత తీసుకోవడానికి వీలు కలిగింది. రాబీ అనే కుక్క పేరుమీద దాన్ని రాబీ చట్టమంటారు. దాన్ని నడిపిన సైనికుడు తనకిమ్మని కోరినా ఆ రాబీకి మాత్రం ఇల్లు దక్కలేదు. మన దేశంలోనూ ఈ చర్చ వచ్చింది. పనికి పనికిరానివైన సైనికకుక్కలను కారుణ్యమరణం పేరిట చంపుతున్నారని 2015లో సమాచారహక్కు చట్టం క్రింద వచ్చిన జవాబులో వెల్లడై, విషయం ఢిల్లీ హైకోర్టుదాకా వెళ్ళింది.

ఇందుకు విరుద్ధంగా, మాటను మొదటినుంచీ వ్యవస్థలోనే పొదిగిన ఉదాహరణ మార్గదర్శక కుక్కలది. అంధులకు దారిచూపే కుక్కలను తయారుచేసే సంస్థ బ్రిటన్‌లో 1956 నుండి పిల్లలను మామూలు కుటుంబాలలో ఏడాదిదాకా ఉంచి పెంచుతోంది. అమెరికాలో అటువంటి ఏర్పాటు 1942 నుండే ఉంది. బస్సులు, అంగళ్ళు, చంటిపిల్లలు, వర్షం - ఇవన్నీ ఆ ఇంటివారు పిల్లకు అలవాటు చేసి, గడువు కాగానే కన్నీళ్ళతో అప్పగిస్తారు. అక్కడ తాత్కాలిక గృహం లోపం కాదు, చదువులో మొదటి తరగతి.

మన ఇళ్ళకు

చరిత్ర ఇంతవరకు. దీనినుండి మన ఇళ్ళకు పనికివచ్చేది కొంత ఉందనుకుంటాను.

మొదటిది, సైన్యం చేసిన తొలిపని: ఒకే మనిషి అన్న నియమాన్ని సడలించడం. కుక్కను సాకేవారు, తెలియకుండానే, దాన్ని తమకు మాత్రమే అలవాటు చేస్తారు. అప్పగించే రోజు దగ్గరపడే కొద్దీ ఇంట్లో మిగతావారు, పొరుగువారు కూడా దానికి తిండి పెట్టాలి, త్రాడు పట్టుకుని తిప్పాలి. కొత్త ఇంటివారు ఒక్కసారి వచ్చి ఎత్తుకుపోవడం కాకుండా రెండుమూడుసార్లు వచ్చి చూసి, కలిసి నడిచి, ఆపైన తీసుకుపోతే మంచిది.

రెండవది, మాటలు. మన ఇళ్ళలో ఒక వింత ఉంది. వీధికుక్కను తెలుగులో అదిలిస్తాం, పెంపుడుకుక్కతో ఇంగ్లీషు మాట్లాడతాం! ఒక ఇంట్లో 'సిట్' అని నేర్చిన కుక్కను మరొక ఇంట్లో 'కూర్చో' అంటే అది తెల్లమొహం వేస్తుంది; మొండిదని పేరు మోస్తుంది. అది ఏ మాటకు పలుకుతుందో, ఏ వేళకు ఏం తింటుందో, పెరుగన్నం ఇష్టమో కాదో, దేనికి బెదురుతుందో ఒక కాగితంమీద వ్రాసి ఇవ్వడం చిన్నపనే. దీపావళి నెలలో కుక్కను చేతులు మార్చకపోవడం మరీ మంచిది.

మూడవది, వాసన. ఖాన్ రెండేళ్ళ తరువాత కూడా తన మనిషిని పట్టింది. పాత ఇంట్లో పడుకున్న గుడ్డను ఉతకకుండా దానితోపాటు పంపితే, కొత్త ఇంట్లో తనదంటూ ఒక మూల దానికి మొదటిరోజే ఏర్పడుతుంది.

నాలుగవది, కాలం. ఆశ్రయశాలల వారు ఈమధ్య తరచు చెప్పే మాట ఒకటుంది: మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు. మొదటి మూడురోజులు బెదురు. తినకపోవచ్చు, మంచం క్రింద దూరవచ్చు. మూడువారాలకు ఆ ఇంటి వేళలు తెలుస్తాయి, అసలు స్వభావం బయటపడుతుంది. మూడునెలలకు ఇది నా ఇల్లన్న ధీమా వస్తుంది. ఇది శాస్త్రసూత్రం కాదు, అనుభవంమీద కట్టిన లెక్క. అయినా మూడవరోజునే 'ఇది మాకు పడదండీ' అని వెనక్కి తెచ్చేవారికి గుర్తుచేయవలసిన లెక్క. ఆ మూడురోజులూ చుట్టాలందరినీ పిలిచి చూపించకుండా, ఒక మూల, ఒక గిన్నె, వేళకు తిండి, వేళకు నడక ఇచ్చి వదిలేస్తే చాలావరకు అదే కుదురుకుంటుంది.

చివరిది, నిజం చెప్పడం. ఈ కుక్క పిల్లలమీద మొరుగుతుందని తెలిసీ చెప్పకుండా అంటగడితే దానికి మేలు చేసినట్లు కాదు. సైన్యం ప్రతి కుక్కనూ సైకిలు పరీక్షకు పెట్టింది అందుకే. తేలనివి నాలుగున్నాయని ఒప్పుకోబట్టే మిగిలిన 545 మీద జనానికి నమ్మకం కుదిరింది.

వీటన్నిటికీ వెనుక ఉన్నది, పైన చెప్పుకున్న మాటే. తిరిగి ఇస్తానన్న మాట ఉన్నప్పుడు మనుషులు ఓపిక పట్టారు, దారి కనిపెట్టారు, వంకరను దిద్దారు. మాట లేనప్పుడు అదే మనుషులు చేతులెత్తేశారు. ధర్మరాజు రథం ఎక్కననడంలో కుక్క గొప్పతనం ఎంతో తెలియదు గాని, నమ్మినదాన్ని విడువనన్న మాట గొప్పతనం మాత్రం తెలుస్తూనే ఉంది.

చదువరులలో ఇలా కుక్కలను కొంతకాలం సాకి మరొక ఇంటికి అప్పగించినవారుంటే, అవి అక్కడ ఎలా కుదురుకున్నాయో, కుదురుకోకపోతే ఏం చేశారో తెలియజేయగలరు. ఈ విషయంమీద తెలుగులో వ్రాసి ఉంచినది చాలా తక్కువ. రెండు మాటలైనా మరొకరికి దారి చూపుతాయి.